ఐదుంబావు పడవకు తెలుగు మాటలు

6 జులై 2025, ఆదివారం, మదనపల్లె

నిన్నటి ప్రదర్శనకు నలుగురు వచ్చారు, నన్ను కలుపుకుని. ప్రొజెక్టరు వెంకటేశులుది కాబట్టి అతను రాక తప్పదు. మూడో ఆయన ఫోను చార్జింగు పెట్టుకోవడానికి వచ్చి, నిండగానే తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగో మనిషి రాణి. పుంగనూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆరేళ్లు కువైట్‌లో పని చేసి వచ్చిందట. బస్టాండులో మా ఫిలిం సొసైటీ పోస్టరు చూసి వచ్చానంది.

సినిమా అయ్యాక ఎప్పటిలాగే చర్చ పెట్టాను. ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగితే ఆమె లేచి నిలబడింది.

"సార్, ఆ ఎద్దు నలభై నిమిషాలు నడస్తానే ఉండాది. యాడికి పోతాండాది?"

"అది ఎద్దు కాదమ్మా. కాలం," అన్నాను.

"అట్లనా? నేను ఎద్దనుకొన్నా సార్."

వెంకటేశులు నవ్వాడు. ఆ నవ్వును నేను పట్టించుకోలేదు. ఇంటికొచ్చాక కూడా పట్టించుకోలేదు. ఇప్పుడు కూడా పట్టించుకోవడం లేదు.

వెళ్లేముందు ఆమె ఇంకో మాట చెప్పింది. కువైట్‌లో తన గదిలో మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేదట. వాళ్ల దేశపు సినిమా ఒకటి తన దగ్గర ఉందట. "తెలివైన సినిమా సార్. జనం కూడా బాగా సూసినారంట." ప్రేమకథా అని అడిగాను. అవునంది. తెలివైనదీ జనం చూసేదీ ఒకే సినిమా కావడం కుదరదని, ఈ విషయం మీద నేనొక వ్యాసం కూడా రాశానని చెప్పాను. అది ఎవరూ అచ్చు వేయలేదని చెప్పలేదు. ఆమె అడగలేదు కాబట్టి.

13 జులై, ఆదివారం

పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్లింది. మర్యాద కోసం తీసుకున్నాను.

14 జులై, సోమవారం

చూశాను. మామూలు సినిమా.

15 జులై, మంగళవారం

మళ్లీ చూశాను. కెమెరా పనితనం కోసం.

ఒక ద్వీపం. తెరెసా అక్కడి బడిలో లెక్కల టీచరు. రోజూ సాయంత్రం ఐదుంబావు పడవకు పక్క ద్వీపంలోని ఇంటికి పోతుంది. రేవులో డోమెంగ్ అనే కుర్రాడు టికెట్లు ఇస్తాడు, మైకులో పడవల వేళలు చెబుతాడు. టికెట్టు వెనక రోజుకొక లెక్క రాసి ఇస్తాడు. ఆమె పడవలో దాన్ని చేసి మర్నాడు తెచ్చిస్తుంది. రోజూ తప్పే. అతను దిద్ది, ఇంకో లెక్క ఇస్తాడు. ఇంతే కథ. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. టికెట్టు మీద అంకెలు మాత్రం చదివాను. ఒకచోట నేనే కాగితం తీసుకుని ఆ లెక్క చేశాను.

చివర్లో కళ్లు కొంచెం మండాయి. టమోటా మార్కెట్టు వైపు నుంచి దుమ్ము ఎక్కువగా వస్తోంది. కిటికీ మూసి ఉన్నా వస్తోంది.

16 జులై, బుధవారం

ఈరోజు చూడలేదు. సగమే.

20 జులై, ఆదివారం

సొసైటీ సమావేశం. హాజరు: నేను, వెంకటేశులు, రాణి. వెంకటేశులుకు బజారులో ఫొటో స్టూడియో ఉంది. మూడేళ్లుగా ప్రొజెక్టరు ఊరికే ఇస్తున్నాడు. ఈరోజు తేల్చి చెప్పేశాడు.

"ఏమప్పా ముద్దుకృష్ణా, నీ ఎద్దులతో నాకు ఇంక పొద్దు పోదు. ఈ తూరి నూరు మంది రాలేదంటే ప్రొజెక్టరు ఎత్తి పెండ్లిండ్లకు పెట్టుకుంటా. నీ సొసైటీ బోర్డు నువ్వే దించుకో."

నూరు మంది మదనపల్లెలో దొరకరని తేలింది. ఇక్కడి వాళ్లందరినీ నేను ఇప్పటికే ఒకసారి నిద్రపుచ్చాను. కుప్పంలో వెంకటేశులు బావమరిదికి కల్యాణమండపం ఉంది. రాణి సొంతూరు అక్కడికి దగ్గరే, శాంతిపురం. వాళ్ల వాళ్లను పిలుస్తానంది. సినిమా మాత్రం ఆ ఫిలిప్పీన్స్‌దే ఉండాలంది. మారిసెల్ వాళ్ల అన్నయ్య ఆ సినిమాకు పని చేశాడట, వాళ్ల అనుమతి రెండు ముక్కల్లో ఈమెయిల్‌లో వచ్చేసింది కూడా.

తెలుగు ఉపశీర్షికలు కావాలి. వాళ్ల భాష రాణికి మారిసెల్ నేర్పిందట. కాలేజీలో తెలుగు చెప్పే వాణ్ణి నేనే కాబట్టి రాయక తప్పదు. ఆదివారాలు పుంగనూరు వెళ్లాలి. సొసైటీ కోసం ఇంకా ఎన్ని త్యాగాలు చేయాలో.

27 జులై, ఆదివారం, పుంగనూరు

బస్టాండు ఎదుటి బేకరీలో కూర్చున్నాం. ఆమె ఒక్కో మాట దగ్గర సినిమా ఆపి అర్థం చెబుతుంది, నేను రాస్తాను. మొదటి సంభాషణలో తెరెసా రొప్పుతూ వచ్చి "పడవ పోయిందా?" అని అడుగుతుంది. నేను "నౌక నిష్క్రమించెనా?" అని రాశాను.

"సార్, ఆమె లెక్కల టీచరు. రాజుగారి కూతురు కాదు."

"తెర మీద పడే మాటకు గాంభీర్యం ఉండాలి."

"మీరు రాసింది సదివే లోపల పడవ నిజంగానే పోతాది సార్."

గంటసేపు ఇలాగే నడిచింది. వాళ్లు విడిపోయేటప్పుడు 'ఇంగాత్' అనుకుంటారు. క్షేమంగా వెళ్లమని అర్థమట. 'జాగరూకతతో మెలగుము' అని రాశాను. ఆమె టేబులు మీద తల పెట్టుకుని నవ్వింది. బేకరీ ఆయన వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

"మా నాయన నన్ను బస్సెక్కిచ్చేటప్పుడు ఒకటే మాట అంటాడు సార్. భద్రం, అని. అంతే."

కొట్టేసి 'భద్రం' అని రాశాను. నేను మదనపల్లె బస్సు ఎక్కాక ఆమె కింద నిలబడి "భద్రం సార్" అంది. అనువాదం నోటికి ఎలా ఉందో పరీక్షించి ఉంటుంది.

28 జులై, సోమవారం

కొత్త చొక్కా కొన్నాను. పాతదాని కాలరు పోయింది. రెండు కొన్నాను. రెండు కాలర్లు పోయాయి.

3 ఆగస్టు, ఆదివారం

ఈరోజు నడిమి భాగమంతా రాసి, ఆఖర్న ఒకే మాట దగ్గర ఆగిపోయాం. తెరెసా స్నేహితురాలు ఆమెను చూసి "కిలిగ్ కదా?" అంటుంది.

"ఇష్టమైనోళ్లు ఎదురుగా వస్తే లోపల ఒకటి అవుతాది కదా సార్. సంతోషంగా వొణికినట్ల. దాన్ని కిలిగ్ అంటారు."

"నాకెప్పుడూ కాలేదు," అన్నాను.

"అట్లనా," అంది. టీ తాగింది. ఆకుపచ్చ చున్నీ వేసుకుంది.

దీనికి తెలుగు మాట నాకే తోచకపోవడం ఏమిటి? పదేళ్లు తెలుగు చెప్పిన వాణ్ణి. ఆ చోటు ఖాళీగా వదిలేసి, ఫైలులో ఆ సంభాషణ కిందే నా పరిశీలన రాసుకున్నాను. పరిశోధన చేసిన రోజుల నుంచీ నాకు ఇదే అలవాటు. ఆఖర్న పరిశీలనలన్నీ తీసేసి శుభ్రమైన ప్రతి తయారు చేయాలి.

5 ఆగస్టు, మంగళవారం

ఆ మాట కోసం విచారణ. మా వీధి చివర టిఫిన్ బండి పాపక్కను అడిగాను. దోశ తిప్పుతూనే "జిల్లుమంటాది అంటారు నాయనా, యాల?" అంది. ఊరికేనన్నాను. బండి దగ్గరున్న నలుగురూ నా వైపు చూశారు. వెంకటేశులును అడిగితే "వోల్టేజీ" అన్నాడు. అది తెలుగు కాదన్నాను. కరెంటుకు భాష లేదన్నాడు.

చివరికి అమ్మను అడిగాను. లోపల సంతోషంగా వణుకు, ఆకలి ఉండదు, కూర్చున్న చోట కూర్చోలేరు, దాన్ని ఏమంటారని.

"ఎన్ని దినాల నుంచి?" అంది అమ్మ.

"నాకు కాదమ్మా. సినిమాలో."

"షుగరు సూపిచ్చుకో నాయనా. మీ చిన్నాయనకు కూడా ఇట్లే మొదులైంది."

10 ఆగస్టు, ఆదివారం, పుంగనూరు

"పోయిన వారం సెప్పిందంతా తప్పు సార్. మళ్ళా సేయాల," అంది రాణి.

"మొత్తమా?"

"నడిమి భాగమంతా. నాకు ఆ భాష అంత బాగా రాదు సార్."

నాకు చిరాకు రావాల్సింది. ఇలాగైతే ఇంకో రెండు ఆదివారాలు పడుతుంది. తప్పదు.

తెరెసా పాత్ర గురించి ఒక మాట. ఆమెకు లెక్కలన్నీ వచ్చు. తెలిసి తెలిసి తప్పు చేసి తెచ్చి, మర్నాడు మళ్లీ అతనితో మాట్లాడే సాకు సంపాదించుకుంటుంది. ఇది గొప్ప ఊహ. ఇంత తేలిగ్గా నవ్విస్తూ ఇంత తెలివిగా రాయవచ్చని నేను అనుకోలేదు (నా వ్యాసంలో ఒక పేరా మార్చాలి). లోపమల్లా డోమెంగ్ పాత్రలో ఉంది. ఎదురుగా ఇంత జరుగుతుంటే తెలుసుకోలేని మొద్దు ఎక్కడైనా ఉంటాడా? నమ్మబుద్ధి కాదు.

12 ఆగస్టు, మంగళవారం

ఆదివారానికి ఇంకా ఐదు రోజులు.

17 ఆగస్టు, ఆదివారం, పుంగనూరు

నేను వెళ్లేసరికి ఆమె బేకరీ బయట ఫోనులో మాట్లాడుతోంది. మారిసెల్‌తో. గడగడా, ఎక్కడా తడుముకోకుండా, పది నిమిషాలు ఆ భాషే. మధ్యలో ఒకసారి గట్టిగా ఏదో తేల్చి చెప్పి నవ్వింది. ఇంత బాగా వచ్చిన మనిషి నాకు తప్పులు ఎందుకు చెప్పింది? ఉత్త అజాగ్రత్త. వృత్తిలో అయితే ఇలా ఉండదనుకుంటాను.

పని మొదలుపెట్టాక తలెత్తకుండా చెప్పింది.

"కువైట్ నుంచి మళ్ళా రమ్మంటాండారు సార్. నెలాఖరు లోపల సెప్పాల."

"మంచి అవకాశం," అన్నాను.

"అంతేనా సార్?"

ఇంకేమైనా చెప్పాలనిపించింది. "అక్కడ ఎండ ఎక్కువ," అన్నాను.

ఆమె ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, మిగిలిన సంభాషణలన్నీ ఒక్క గంటలో చెప్పేసింది. ఒక్క తప్పు లేదు. పని పూర్తయింది. వచ్చే ఆదివారం కుప్పం ప్రదర్శన. బస్సు ఎక్కేటప్పుడు ఆమె ఏమీ అనలేదు.

పని పూర్తవడం సంతోషం.

19 ఆగస్టు, మంగళవారం

పని పూర్తవడం సంతోషమే.

అమ్మ అడిగింది. ఎవరా పిల్ల, ఏ ఊరు, ఏం చేస్తారు. వాళ్ల నాయన గోవిందప్ప గ్రానైటు పాలిషు చేస్తాడని చెప్పాను. అంతకుముందు? వాళ్ల అవ్వ, తాత కూలికి పోయేవాళ్లని చెప్పాను. అమ్మ తర్వాత ఏమి అడిగిందో ఇక్కడ రాయను. పెద్దమండ్యంలో మాకున్న పొలంలో ఏడాదికి ఒక వేరుశనగ పంట కూడా సరిగా రాదు. కానీ ఆ ప్రశ్న మాత్రం ఏడాది పొడుగునా పండుతుంది.

సినిమా పని మీద వెళుతున్నానని చెప్పాను. నిజమే కదా.

25 ఆగస్టు, సోమవారం

కాలేజీకి సెలవు పెట్టాను. జ్వరమని రాశాను. అవమానానికి సెలవు ఇవ్వరు.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకే ఆట పెట్టాం. రామకుప్పం వైపు వాళ్లు చీకటి పడకముందే ఇళ్లు చేరాలన్నారు. రాగి చేలమీదికి ఏనుగులు వస్తున్నాయట. కిటికీలకు షామియానా గుడ్డలు కట్టి మండపం చీకటి చేశాం. నూట అరవై మంది! కుర్చీలు చాలక పెండ్లి పీటల మీద కూడా కూర్చున్నారు. వెంకటేశులు వాకిట్లో నిలబడి తలలు లెక్కపెట్టి, మొహం వెలిగించుకుని వచ్చాడు. రాణి మూడో వరుసలో, పక్కన వాళ్ల నాయన. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, నవ్వని మనిషి.

అరగంట హాయిగా సాగింది. తెరెసా తప్పు లెక్క చేసిన ప్రతిసారీ ఆడవాళ్లు ముందుగానే నవ్వేస్తున్నారు. కనిపెట్టడానికి నాకు మూడు ఆదివారాలు పట్టిందాన్ని వాళ్లు మూడు నిమిషాల్లో కనిపెట్టారు. ఒకామె "ఆ పిల్లకు అంతా తెలుసులేమ్మే!" అని గట్టిగా చెప్పింది కూడా.

అప్పుడు తెర మీద ఈ అక్షరాలు పడ్డాయి:

'ఇక్కడ రాణి నవ్వింది. నేను ఏమన్నానో గుర్తులేదు. మళ్లీ అదే అనాలి.'

శుభ్రమైన ప్రతి ఇంట్లో ఉంది. వెంకటేశులుకు ఇచ్చింది పరిశీలనలతో ఉన్న ఫైలు.

"రాణి ఎవరప్పా? ఇందాక రాలేదే?" అని ఎవరో అడిగారు. "ఈ పిల్ల స్నేహితురాలు," అని ఇంకెవరో చెప్పారు. నేను జనాన్ని తొక్కుకుంటూ ప్రొజెక్టరు వైపు పరుగెత్తాను. ఈలోగా 'కిలిగ్' వచ్చేసింది.

'తెలుగు మాట దొరకలేదు. రాణి ఆకుపచ్చ చున్నీ వేసుకున్నప్పటి నుంచి నాకు ఉన్నది ఇదే కావచ్చు. షుగరు పరీక్ష చేయించాను. లేదు.'

మండపం దద్దరిల్లింది. ఈలలు. వెనక వరుసల వాళ్లకు ముందు వాళ్లు చదివి వినిపిస్తున్నారు. నేను తీగ పట్టుకుని లాగబోతే వెంకటేశులు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండప్పా! జనం సూస్తాండారు!"

"అందుకే తియ్యమంటున్నా!"

"మూడేండ్లకు మొదుటి తూరి ఒకడు కూడా నిద్రపోలేదు. నిన్ను కొట్టినా సరే, ఆపను."

కొట్టుకోవడం ఇద్దరికీ రాదు కాబట్టి ఒకరి చొక్కాలు ఒకరం పట్టుకుని నిలబడ్డాం. అలా నిలబడి ఉండగానే తెర మీద వచ్చింది:

'రాణి కువైట్ పోతే నేను ఈ సినిమా ఎవరితో చూడాలి? పోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. చెప్పాలని ఉంది. (ఈ వాక్యం తీసెయ్యాలి.)'

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఈల కూడా లేదు. నూట అరవై మంది ఒక్కసారిగా గమ్మునైపోతే ఎంత చప్పుడుగా ఉంటుందో అంతవరకు నాకు తెలియదు. మూడో వరుసలో రాణి తల వంచుకుని ఉంది. వాళ్ల నాయన తెర వైపే చూస్తున్నాడు.

తెరెసాకు దూరపు ద్వీపానికి బదిలీ. ఆఖరి రోజు ఆమె టికెట్టు ఇచ్చి పడవ ఎక్కింది. డోమెంగ్ దాన్ని తిప్పి చూశాడు. కరెంటు పోయింది.

జనరేటరులో డీజిలు లేదు. నేను సంతోషించాను. చీకట్లో వెనక తలుపు నుంచి పోదామనుకున్నాను. కానీ జనం కదల్లేదు. "ఏమైందో సెప్పి పో సారూ!" అని అరుపులు. వెంకటేశులు షామియానా గుడ్డ ఒకటి లాగేసి, వెలుతురు పడిన చోటికి నన్ను తోశాడు.

నిలబడ్డాను. "మిత్రులారా, ఈ చలనచిత్రం యొక్క ముగింపు..." అన్నాను.

అప్పుడు రాణి లేచి వచ్చింది. నా వైపు చూడలేదు. జనం వైపు తిరిగి, డోమెంగ్ మాట అతని భాషలోనే చెప్పింది. చెప్పి ఆగింది. తెలుగులో చెప్పాల్సింది నేను.

"లెక్క సరిగ్గా ఉంది," అన్నాను. "మొదటిసారి. అంటే ఆమెకు అన్నీ వచ్చు. ఇన్నాళ్లూ కావాలనే తప్పు చేసింది. రేపు రాదు కాబట్టి ఈరోజు తప్పు చేయాల్సిన పని లేదు."

చెబుతుండగానే నాకు తెలిసింది. తడుముకోకుండా పది నిమిషాలు ఫోనులో మాట్లాడిన మనిషి. నడిమి భాగమంతా తప్పు సార్. రెండు ఆదివారాలు. నేను రాణి వైపు తిరిగాను.

"సెప్పండి సార్. జనం సూస్తాండారు," అంది మెల్లగా. తర్వాతి మాట అందించింది.

డోమెంగ్ మైకు పట్టుకుంటాడు. ఎప్పుడూ పడవల వేళలు చెప్పే గొంతుతోనే చెబుతాడు. నేను ఏ గాంభీర్యమూ లేకుండా చెప్పాను. "ఐదుంబావు పడవ వెనక్కి రావాలి. లెక్కలో తప్పుంది. తప్పు నాది."

పడవ తిరిగిందో లేదో సినిమాలో చూపించరు. ఇంజను చప్పుడు మాత్రం మారుతుంది. సముద్రం కనిపిస్తుంది. దాన్ని అలా విడిచిపెట్టడమే కళ. ఆ మాటే వివరించబోయాను. ముందు వరుసలో ఒక అవ్వ, వెంకటమ్మ అట, పీట మీద నుంచి లేచి నిలబడింది.

"అదంతా కాదు నాయనా. పడవ తిరిగిందా లేదా?"

మూడేళ్ల నా సిద్ధాంతం, అచ్చుకాని నా వ్యాసం, ఎద్దు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలిచాయి.

"తిరిగింది అవ్వా," అన్నాను.

చప్పట్లు. వెంకటమ్మ కళ్లు తుడుచుకుని, ఏనుగుల వేళయిందని పరుగెత్తింది. నేను చూసేసరికి గోవిందప్ప బండి స్టార్టు చేస్తున్నాడు. రాణి వెనక ఎక్కి వెళ్లిపోయింది.

26 ఆగస్టు, మంగళవారం

ఫోను లేదు.

27 ఆగస్టు, బుధవారం

వినాయక చవితి. ఫోను లేదు. మైకులన్నీ ఉన్నాయి.

వెంకటేశులు ఆ రోజు వీడియో తీశాడట. స్టూడియోలో పెద్ద తెర మీద పెట్టాడట. పాపక్క చూసి వచ్చి అమ్మకు చెప్పింది.

28 ఆగస్టు, గురువారం

అమ్మ అన్నం పెడుతోంది. మాట లేదు. కూరలో ఉప్పు కూడా లేదు. మరిచిపోయిందో, అదే మాటో తెలియదు.

30 ఆగస్టు, శనివారం

ఫోను వచ్చింది. "మా నాయన రమ్మంటాండాడు. రేపు." అంతే. సార్ అనలేదు. ఇది మంచికో చెడుకో వెంకటేశులును అడిగాను. "వోల్టేజీ," అన్నాడు.

31 ఆగస్టు, ఆదివారం, శాంతిపురం

గోవిందప్ప వాకిట్లో నులకమంచం వేసి కూర్చోమన్నాడు. ఆయన చేతుల నిండా తెల్లటి రాతిపొడి, గోళ్ల లోపల కూడా.

"తెర మీద రాసిందంతా నిజమేనా అప్పా?"

"నిజమేనండి."

"ఆఖర్న ఒకటి రాసినావు. తీసెయ్యాల అని."

"అవును."

"తీసేసేదానికి రాసినావా, ఉంచేదానికి రాసినావా?"

నా జీవితంలో ఏ వైవాలోనూ ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆలోచించాను. ఆలోచించడం ఇక్కడ తప్పని తోచి ఆపేశాను.

"ఉంచేదానికే," అన్నాను.

ఆయన లోపలికి చూసి "సంగటి పెట్టమ్మా" అన్నాడు. మళ్లీ నా వైపు తిరిగాడు. "మా బిడ్డ తన కష్టంతో సదివి, సముద్రం దాటి పోయొచ్చింది. మీ ఇంటికి వస్తే వాకిట్లో నిలబెట్టి మాట్లాడతారా, లోపలికి పిలుస్తారా? అది నువ్వు ఈ పొద్దు సెప్పలేవు. నాకు తెలుసు. తెలుసుకోని వచ్చి సెప్పు."

తల వంచుకుని సంగటి తిన్నాను. రెండు ముద్దలు. ఊరుబిండి పచ్చడి కారానికి కళ్లు మండాయి. ఈసారి దుమ్ము కాదు.

బస్సు దాకా రాణి వచ్చింది. కువైట్‌కు ఈరోజులోగా చెప్పాలి కదా అన్నాను.

"శానా దినాలయింది సెప్పి. రానని. ఆ పొద్దు బేకరీ కాడ ఫోన్‌లో మారిసెల్‌కు సెప్తాండింది అదే."

"మరి నాతో ఎందుకు..."

"నువ్వేమంటావో సూద్దామని. ఎండ ఎక్కువ అన్నావు."

బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీలోంచి ఏదైనా గొప్ప మాట చెబుదామనుకున్నాను. చెప్పేలోపు బస్సు కదిలింది. ఆమె నవ్వుతూ నిలబడే ఉంది.

1 సెప్టెంబరు, సోమవారం

అమ్మకు చెప్పాను. అంతా. వాళ్లింట్లో తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాత గోవిందప్ప అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మొదలైంది.

5 సెప్టెంబరు, శుక్రవారం

అమ్మ మాట్లాడింది. "ఎసరు పెట్టు" అంది. నాతోనే.

10 సెప్టెంబరు, బుధవారం

కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. సాయంత్రం ఆరింటికి వచ్చింది, చేతిలో మందుల కవరు. మోకాలి నొప్పికి పుంగనూరు ఆస్పత్రికి పోయానంది. మదనపల్లెలో మా వీధిలోనే రెండు ఆస్పత్రులు ఉన్నాయి.

"ఆ పిల్లే సూది ఏసింది. నేనెవురో సెప్పలేదు."

"తర్వాత?"

"తర్వాత బస్సు కాడికి వచ్చి చెయ్యి పట్టుకోని ఎక్కిచ్చింది. భద్రం రెడ్డెమ్మత్తా, అనింది. చీటీలో నా పేరు సూసి ముందే కనుక్కున్నట్టుండాది. దొంగముండ."

ఆ మాట అమ్మ చిన్నప్పుడు నన్ను కూడా అనేది. ముద్దు పెట్టే ముందు.

14 సెప్టెంబరు, ఆదివారం, మదనపల్లె

రాణి వచ్చింది. అమ్మే పిలిచింది. మొన్న ఆస్పత్రికి ఫోను చేసి, మోకాలి గురించి పావుగంట మాట్లాడి, ఆఖరి ముక్కగా చెప్పిందట: ఆదివారం రా, ఆ సినిమా తీసుకురా.

గడప దగ్గర రాణి ఆగింది. చెప్పులు విప్పుతున్నట్లే ఉంది కానీ విప్పడం అయిపోయినా అక్కడే ఉంది. నాకు గోవిందప్ప గొంతు వినిపించింది. అమ్మ లోపలి నుంచే "ఏమ్మే, ఆడే నిలబడుకొన్నావు? ఫ్యాను ఈడుండాది," అంది.

ల్యాప్‌టాప్ ముందు ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. అమ్మకు చదవడం రాదు కాబట్టి రాణి చదివి వినిపించింది. నేను రాసింది చదవలేదు, తనకు తోచింది చెప్పింది. బాగుంది. చొక్కా కాలరు సవరించుకుంటూ నేను కుర్చీలో కూర్చుంటే, తెరకు అడ్డం వస్తున్నావని అమ్మ గోడ వైపు పంపేసింది.

పావుగంట చూశాక అమ్మ అడిగింది. "ఈ టీచరు పిల్లా, టికెట్లోడూ, ఒకటే కులమా?"

నేను గోడ వైపు తిరిగాను. రాణి మాత్రం తిరగలేదు.

"వాళ్ల దేశంలో అది అడగరత్తా."

"అస్సలు అడగరా?"

"అడగరు."

అమ్మ చాలాసేపు తెర వైపు చూసింది. పడవ ఒకటి పోయింది.

"మరి వాళ్లకు పొద్దెట్ల పోతాది?" అంది.

రాణి ముందుగా నవ్వింది. నేను నవ్వవచ్చో లేదో తేల్చుకునేలోపు అమ్మ కూడా నవ్వేసింది. ముగ్గురం నవ్వాం, పక్కింటి ప్రమీలమ్మ గోడ మీదుగా తొంగి చూసేంత.

సినిమా అయ్యాక అమ్మ లేచి భోజనాలకు ఏర్పాటు చేసింది. వంటింటి గూట్లో పేర్లు చెక్కించిన మా స్టీలు కంచాలు ఉంటాయి. బయటి వాళ్లకని పేపరు ప్లేట్లు కింద అరలో ఉంటాయి. అమ్మ చెయ్యి గూటి దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. రాణి కూడా చూసింది. అమ్మ తన కంచం తీసి, కొంగుతో తుడిచి, రాణి ముందు పెట్టింది.

తనకు పేపరు ప్లేటు తెచ్చుకుంది.

"నువ్వు తినమ్మా," అంది. "వీడు వడ్డిస్తాడు."